సముద్రపు బురదలో మీథేన్: లెక్కకు అందినది, అందనిది

తార్నాక చౌరస్తా నుంచి ఉప్పల్ రోడ్డు వెంట హబ్సిగూడ దాటేలోపే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ అనే మూడు జాతీయ పరిశోధన సంస్థలు ఉన్నాయి. చౌరస్తాకు అవతలి పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇక్కణ్ణుంచి సముద్రం చూడాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. అయినా బంగాళాఖాతం అడుగున, కృష్ణా–గోదావరి బేసిన్‌లో మీథేన్ ఎక్కడెక్కడ మంచులా గడ్డకట్టి ఉందో భూకంప తరంగాల రికార్డుల్లోంచి వెతికి పట్టుకోవడంలో ఎన్‌జీఆర్‌ఐది పెద్ద చెయ్యి. కాలచంద్ సైన్ నాయకత్వంలో అక్కడి బృందం ఏళ్ల తరబడి చేసిన పని అది. ఇలా గడ్డకట్టిన మీథేన్‌కు పేరైన గ్యాస్ హైడ్రేట్ అనే మాట మన పత్రికల్లోకి వచ్చినప్పుడల్లా దాని వెంట ఇంధనం అనే మాట కూడా వస్తుంది. భారత తీరాల్లో 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల వాయువు ఉండొచ్చన్న అంచనా తరచూ కనిపిస్తుంది.

ఈ వ్యాసం ఆ వాయువు గడ్డకట్టిన చోటి గురించి కాదు, దానికి పైనున్న బురద గురించి. అడుగున పుట్టిన మీథేన్ నెమ్మదిగా పైకి వస్తూ ఉంటుంది. అందులో చాలా భాగం సముద్రపు నీటిని చేరదు. ఆక్సిజన్ ఛాయలు కూడా లేని ఆ చీకటి బురదలో సూక్ష్మజీవులు దాన్ని దారిలోనే తినేస్తాయి. ఊపిరికి ఆక్సిజన్ బదులు పైనుంచి దిగివచ్చిన సల్ఫేట్‌ను వాడుకుంటాయి. అలా ఆగిపోయేది తొంభై శాతం దాకా ఉంటుందని అంచనా. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు బలంగా భూమిని వేడెక్కిస్తుంది. లోతైన చోట బురద దాటి బయటపడ్డ మీథేన్‌లో కూడా ఎక్కువ భాగం పైనున్న నీటిలోనే కరిగి ఖర్చయిపోతుంది, నిజమే. కానీ అలా ఖర్చయినప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను కూడా ఖర్చు చేస్తుంది. తీరానికి దగ్గరగా, తక్కువ లోతులో అయితే ఆ రక్షణ కూడా అంతగా ఉండదు.

కిలోమీటరు నీటికింద, ఏడాదికి చదరపు మీటరుకు గ్రాములో భాగాల చొప్పున జరిగే ఈ పనిని కంటితో చూసి కొలవలేం. అందుకే కంప్యూటర్ మోడళ్లు. అయిదు దశాబ్దాలుగా వచ్చిన ఆ మోడళ్లను వరసపెట్టి చదివితే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రశాంతంగా పేరుకుంటున్న బురదలో ఇవాళ ఎంత మీథేన్ ఖర్చవుతోందో అవి నమ్మదగ్గట్టు చెబుతాయి. పరిస్థితి మారితే ఆ కాపలా ఎంత త్వరగా సర్దుకుంటుందో మాత్రం ఇంకా చెప్పలేకపోతున్నాయి. కృష్ణా–గోదావరి బేసిన్‌కు కావలసింది ఈ రెండోదే.

జీవికంటే ముందు లెక్క

1974లో మార్టెన్స్, బెర్నర్ అనే ఇద్దరు భూరసాయన శాస్త్రవేత్తలు అమెరికాలోని లాంగ్ ఐలాండ్ సౌండ్ బురదను పరిశీలించారు. సల్ఫేట్ ఉన్నంత లోతువరకు మీథేన్ దాదాపు లేదు. సల్ఫేట్ అయిపోయిన చోటి నుంచే మీథేన్ పెరగడం మొదలైంది. 1976లో శాంటా బార్బరా బేసిన్ మీద బార్న్స్, గోల్డ్‌బర్గ్, కరియాకో ట్రెంచ్ మీద రీబర్గ్ ఇంకో అడుగు ముందుకు వేశారు. మీథేన్ గాఢతను లోతుతో పాటు గీస్తే ఆ గీత వంపు తిరిగి ఉంది. కేవలం కింది నుంచి పైకి వ్యాపిస్తూ పోయే పదార్థానికి ఆ వంపు రాదు, గీత తిన్నగా ఉండాలి. వంపు ఉందంటే ఆ లోతులో ఎవరో దాన్ని వాడుకుంటున్నారు.

సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు దీన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. ఆక్సిజన్ లేకుండా మీథేన్‌ను విరగ్గొట్టగల జీవిని ఎవరూ ప్రయోగశాలలో పెంచలేదు మరి. 1999లో హిన్రిక్స్ బృందం కాలిఫోర్నియా తీరపు బురదలో ఆర్కియా జాతి జీవుల కొవ్వు పదార్థాలను గుర్తించింది. వాటిలోని కార్బన్ ఐసోటోపుల తీరు చూస్తే అవి మీథేన్ తిని బతికాయని తేలింది. మరుసటి ఏడాది బోటియస్ బృందం ఆరెగాన్ తీరానికి ఎదురుగా ఉన్న హైడ్రేట్ రిడ్జ్ నుంచి తీసిన బురదలో ఆ జీవులనే చూపించింది. సుమారు వంద ఆర్కియా కణాలు లోపల గుంపుగా, వాటి చుట్టూ రెండు వందల దాకా సల్ఫేట్ వాడే బాక్టీరియా. అంటే ఒక గీత వంపును చదివి, అక్కడొక జీవి ఉండి తీరాలని చెప్పిన దాదాపు పాతికేళ్లకు ఆ జీవి దొరికింది. ఈ రంగంలో మోడల్‌కు ఇంత గౌరవం ఉండడానికి మూలం ఇదే. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే అప్పటి మోడల్ అడిగిన ప్రశ్న చిన్నది: ఎక్కడ, ఎంత? ఇప్పుడు మనం అడుగుతున్నవి అంతకంటే చాలా కఠినమైనవి.

జమాఖర్చు

ఈ మోడళ్లన్నిటి వెన్నెముక ఒకటే. బెర్నర్ 1980లో, బూద్రో 1997లో రాసిన పుస్తకాలు దానికి రూపం ఇచ్చాయి. బురదను సన్నని పొరలుగా ఊహించుకుంటారు. ఒక్కో పొరలోని రంధ్రాల నీటిలో ఒక పదార్థం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది మూడు పద్దుల మొత్తం. గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి విసరణ వల్ల చేరేది మొదటిది. పైన కొత్త ఒండ్రు పడి పొర కిందికి కూరుకుపోవడం వల్ల, లేదా కింది నుంచి ద్రవం పైకి తోసుకురావడం వల్ల కదిలేది రెండోది. రసాయన చర్యల్లో పుట్టేది, ఖర్చయ్యేది మూడోది. సల్ఫేట్, మీథేన్, కరిగిన కార్బన్, సల్ఫైడ్ అన్నిటికీ ఇలాంటి సమీకరణాలే రాసి కంప్యూటర్ చేత కలిపి సాధిస్తారు. బురద రేణువుల మధ్య నీటి దారి వంకర టింకరగా ఉంటుంది కాబట్టి విసరణ వేగాన్ని ఆ మేరకు తగ్గించాలి. ఎంత తగ్గించాలో రంధ్రాల శాతాన్ని బట్టి చెప్పే సూత్రం బూద్రో ఇచ్చాడు.

చేతిలెక్క ఒకటి చేసి చూద్దాం. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఘనపు మీటరుకు 28 మోల్‌లు. అది 20 మీటర్ల లోతుకు పూర్తిగా అయిపోతోందనుకుందాం. బురదలో 70 శాతం నీరు, విసరణ గుణకం సెకనుకు చదరపు మీటరులో 200 కోట్ల వంతు అనుకుంటే, ఏడాదికి చదరపు మీటరులో కిందికి దిగే సల్ఫేట్ దాదాపు 15 మిల్లీమోల్‌లు. ఒక సల్ఫేట్ అణువుకు ఒక మీథేన్ అణువు చొప్పున ఖర్చవుతుంది కాబట్టి అది పావు గ్రాము మీథేన్. చదరపు కిలోమీటరుకు ఏడాదికి పావు టన్ను. సల్ఫేట్ 2 మీటర్లకే అయిపోతే ఇదే పదిరెట్లు. 1996లో బొరోవ్‌స్కీ, పాల్, ఉస్లర్ అట్లాంటిక్‌లోని బ్లేక్ రిడ్జ్ దగ్గర ఈ తర్కాన్నే వాడి, సల్ఫేట్ గీత వాలును చూసి కింది నుంచి ఎంత మీథేన్ వస్తోందో చెప్పవచ్చని చూపించారు. గ్యాస్ హైడ్రేట్లు వెతికేవారికి అప్పటి నుంచి అదొక కొలమానం అయింది.

ఈ కొలమానాన్ని కళ్లు మూసుకుని వాడకూడదని కూడా తరవాతి పరిశోధన చెప్పింది. ప్రపంచమంతటా సముద్రపు అడుగు నుంచి గొట్టాలతో తీసిన బురద నమూనాల (కోర్‌ల) సమాచారాన్ని కూర్చి ఎగర్ బృందం 2018లో వేసిన లెక్క ప్రకారం, విసరణే ప్రధానమైన బురదల్లో ఏటా 4.5 నుంచి 6.1 కోట్ల టన్నుల మీథేన్ సల్ఫేట్‌తో కలిసి ఖర్చవుతోంది. అందులో 80 శాతం 200 మీటర్ల కంటే తక్కువ లోతున్న తీరపు అరల్లోనే జరుగుతోంది. ఆ లెక్కలోనే ఉన్న ఇంకో అంకె మీద నాకు ఎక్కువ దృష్టి. సల్ఫేట్, మీథేన్ కలిసే ఆ పొరలోకి చేరే సల్ఫేట్, మీథేన్‌ల నిష్పత్తి ఒకటికి ఒకటి కాదు, సగటున 1.4కు 1. అంటే అక్కడ ఖర్చయ్యే సల్ఫేట్‌లో 70 శాతానికే మీథేన్ బాధ్యత. మిగతాది బురదలోని కుళ్లిన సేంద్రియ పదార్థం లాంటి ఇతర ఖాతాల్లోకి పోతుంది. గోదావరిలాంటి నది అడవుల, పొలాల ఆకు అలములను తెచ్చి పోసే చోట ఆ రెండో పద్దు చిన్నది కాదు. పైన నేను వేసిన పావు గ్రాము లెక్కను కూడా అందుకే గరిష్ఠ హద్దుగానే చూడాలి.

వేగం ఎవరి చేతిలో ఉంది

చర్య ఎంత వేగంగా జరుగుతుందో రాయడంలోనే మోడళ్లు ఒకదానితో ఒకటి విడిపోతాయి. అన్నిటికంటే సులువైన పద్ధతిలో మీథేన్ గాఢతను సల్ఫేట్ గాఢతతో గుణించి, దాన్ని ఒక స్థిరాంకంతో గుణిస్తారు. కొంచెం మెరుగైనది ఎంజైముల పనితీరును అనుకరించే పద్ధతి. అందులో ఆహారం ఎంత పెరిగినా ఒక హద్దు దాటి వేగం పెరగదు. ఇంకా లోతుకు వెళ్లినవి జీవికి ఆ చర్యలో మిగిలే శక్తిని కూడా లెక్కలోకి తెస్తాయి, జీవుల సంఖ్య పెరగడాన్ని, తగ్గడాన్ని కూడా. 2006లో డేల్, రెన్యే, వాన్ కాపెలెన్ రాసిన వ్యాసం ఈ చివరి తరహాకు మైలురాయి. 2011లో రెన్యే బృందం అప్పటిదాకా వచ్చిన మోడళ్లన్నిటినీ ఒకచోట పెట్టి సమీక్షించింది. వేర్వేరు పరిశోధకులు వాడిన ఆ స్థిరాంకం విలువలు ఎన్నో పదుల రెట్ల తేడాతో ఉన్నాయని అందులో కనిపిస్తుంది.

అంత తేడా ఉన్నా అందరి మోడళ్లూ తమ తమ కోర్‌ల గీతలతో చక్కగా సరిపోయాయి. ఎలా? ప్రశాంతమైన బురదలో మీథేన్ వచ్చే వేగాన్ని నిర్ణయించేది విసరణ, జీవులు కాదు. స్థిరాంకాన్ని పదిరెట్లు పెంచండి. మీథేన్, సల్ఫేట్ కలిసి ఖర్చయ్యే పొర కాస్త సన్నబడుతుంది, మొత్తం ఖర్చు మారదు. తగ్గించండి, పొర మందమవుతుంది, ఖర్చు అంతే. కాబట్టి గీతతో కుదిరిందన్న ఒక్క కారణంతో ఆ స్థిరాంకం నిజమని నమ్మడానికి వీల్లేదు. ఆ అంకెను పట్టుకెళ్లి ద్రవం వేగంగా పైకి తోసుకొచ్చే చోట, సముద్రపు అడుగున మీథేన్ ఊరే చెలమ దగ్గర వాడితే ఫలితం పూర్తిగా తప్పవచ్చు. అక్కడ జీవులు ఎంత త్వరగా తినగలవన్నదే ప్రశ్న కాబట్టి స్థిరాంకమే సర్వస్వం. ఈ రంగంలో ప్రచురితమైన చాలా వ్యాసాల్లో ఈ తేడాను తగినంత గట్టిగా చెప్పలేదన్నది నా అభిప్రాయం. ఒకచోట కుదిరిన మోడల్ వేరే చోటికి సాక్ష్యం కాదు.

శక్తి సంగతి మరింత ఆసక్తికరం. ఆక్సిజన్‌తో మీథేన్‌ను కాల్చే జీవికి మోల్‌కు 800 కిలోజౌళ్లకు పైగా దక్కుతుంది. సల్ఫేట్‌తో అయితే ప్రామాణిక పరిస్థితుల్లో దాదాపు 17 మాత్రమే. బురదలోని నిజమైన గాఢతల దగ్గర అది 20 నుంచి 40 దాకా వెళ్తుంది. దాన్ని కూడా ఆర్కియా, బాక్టీరియా ఇద్దరూ పంచుకోవాలి. జీవకణం ఒక ఏటీపీ అణువును కట్టుకోవడానికి ఇంతకంటే ఎక్కువ కావాలి. బతకడానికి గిట్టుబాటు కాదనిపించే హద్దు మీద ఈ జీవులు కోట్ల ఏళ్లుగా బతుకుతున్నాయి. అందుకే శక్తి పద్దును వదిలేసిన మోడల్ సల్ఫేట్ బాగా తగ్గిపోయిన లోతుల్లో కూడా చర్య జరుగుతున్నట్టు చూపిస్తుంది. నిజానికి అక్కడ జీవి ఎప్పుడో చేతులెత్తేసి ఉంటుంది.

ఇక్కడ తార్నాకలో జరుగుతున్న మరో పనిని గుర్తుచేయాలి. మీథేన్ తినే ఈ ఆర్కియా, మీథేన్ పుట్టించే ఆర్కియాకు దగ్గరి చుట్టాలు. పుట్టించే దారిలోని ఎంజైములనే వీళ్లు వెనక్కి నడుపుతారని 2004లో హాలమ్ బృందం జన్యువులు చదివి చెప్పింది. పుట్టించే జీవులను పోషించడంలో ఐఐసీటీకి ఏళ్ల అనుభవం ఉంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వ్యర్థాల నుంచి వాయువు తీసే ప్లాంటు నడిచేది ఆ సంస్థ సాంకేతికతతోనే. బయోగ్యాస్ తొట్టెల ఇంజినీర్లకు 2002 నుంచి ఏడీఎం-1 అనే ఉమ్మడి మోడల్ ఉంది. జీవుల పెరుగుదల, ఆహారపు హద్దులు, హైడ్రోజన్ పేరుకుంటే చర్య ఆగిపోవడం అన్నీ అందులో ఉన్నాయి. సముద్రపు బురద మోడళ్లవాళ్లు తొట్టెల ఇంజినీర్ల నుంచి నేర్చుకోవాల్సినది చాలా ఉంది. తొట్టెలో మార్పు రోజుల్లో తెలిసిపోతుంది, తప్పు లెక్క వెంటనే బయటపడుతుంది. బురదలో ఆ సదుపాయం లేదు.

ఇద్దరి మధ్య ఏం చేతులు మారుతోంది

ఆర్కియా మీథేన్‌ను విరగ్గొట్టి దాని ఎలక్ట్రాన్లను పొరుగునున్న బాక్టీరియాకు అందించాలి. ఎలా అందిస్తుంది? 1994లో హోలర్ బృందం హైడ్రోజన్ రూపంలో అని ప్రతిపాదించింది. నచ్చే ఊహే. 2001లో సోరెన్‌సన్, ఫిన్‌స్టర్, రామ్‌సింగ్ దాన్ని లెక్కకు పెట్టారు. రెండు కణాల మధ్య హైడ్రోజన్ విసరణ చెందాలంటే ఇటు గాఢత ఎక్కువ, అటు తక్కువ ఉండాలి. ఇటు ఎక్కువైతే ఆర్కియాకు శక్తి మిగలదు, అటు తక్కువైతే బాక్టీరియాకు మిగలదు. ఇద్దరూ బతికేంత సన్నని సందులో ప్రవహించగలిగే హైడ్రోజన్, నిజంగా కొలిచిన చర్యావేగానికి చాలదు. ఆర్కట్, మైలే 2008లో కణాల గుంపును మూడు కొలతల్లో కంప్యూటర్‌లో నిర్మించి ఇదే ప్రశ్నను మరింత నిశితంగా అడిగారు. హైడ్రోజన్‌కు కష్టకాలమే మిగిలింది.

ఆ తరవాత 2012లో మిలుట్స్‌కా బృందం గంధకం మధ్యవర్తి కావచ్చంది. 2015లో రెండు బృందాలు ఒకే సంచికలో వేరే జవాబు ఇచ్చాయి. కణాలు నేరుగా, తీగల్లాంటి నిర్మాణాల ద్వారా, ఇనుము ఉన్న సైటోక్రోమ్ ప్రొటీన్ల ద్వారా ఎలక్ట్రాన్లను చేరవేస్తున్నాయని వెగెనర్ బృందం, మెక్‌గ్లిన్ బృందం చూపించాయి. మెక్‌గ్లిన్ వ్యాసంలో మోడళ్లకు పెద్ద దెబ్బ ఒకటి ఉంది. కణాన్ని కణంగా చూస్తే, భాగస్వామికి దూరంగా ఉన్న ఆర్కియా కూడా దగ్గరున్నదానంత చురుగ్గానే ఉంది. విసరణ మీద నిలబడిన ఏ మోడలూ ఆ ఫలితాన్ని ఊహించలేదు, దూరం పెరిగితే చురుకు తగ్గాలనే అవన్నీ చెప్పాయి. ఆ తరవాత మైలే ప్రయోగశాల నుంచి వచ్చిన మోడళ్లు విద్యుత్ వాహకతను లెక్కలోకి తెచ్చాయి. ఎంత వాహకత ఉంటే కొలిచిన చురుకు సాధ్యమో చెప్పగలిగాయి. మోడల్ తప్పిందని తెలిసిన చోటే ఈ రంగం ముందడుగు వేసింది. నేను విద్యార్థులకు ఈ కథను అందుకే వివరంగా చెబుతాను. సరిపోయిన గీతలకంటే సరిపోని కొలతకే విలువ ఎక్కువ.

ఇక పెరుగుదల. ప్రయోగశాలలో ఈ గుంపులు రెట్టింపు కావడానికి దాదాపు ఏడు నెలలు పట్టిందని 2007లో నౌహౌస్ బృందం కొలిచింది. పాలను పెరుగు చేసే బాక్టీరియాకు గంట, రెండు గంటలు చాలు. అంత నెమ్మదైన జీవుల మీదికి హఠాత్తుగా ఎక్కువ మీథేన్ వచ్చిపడితే ఏమవుతుంది? డేల్ బృందం 2008లో జీవుల పెరుగుదలను కలిపి నడిపిన మోడల్ ప్రకారం, అవి తగినంతగా పెరిగేదాకా దశాబ్దాల పాటు మీథేన్ తలుపు తెరిచి ఉన్నట్టే తప్పించుకుపోతుంది. స్థిరాంకం పెట్టి లెక్కవేసే మోడల్‌కు ఈ ఆలస్యం కనిపించనే కనిపించదు.

కృష్ణా–గోదావరి లోతుల్లో

2006 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జాయిడెస్ రిజల్యూషన్ నౌక భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద మన తీరాల చుట్టూ 21 చోట్ల పనిచేసింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని పదో స్థలంలో, నీటికింద దాదాపు వెయ్యి మీటర్ల లోతున, పగుళ్లు వారిన బంకమట్టిలో 128 మీటర్ల మందాన హైడ్రేట్ కనిపించింది. 2015లో జపాన్ నౌక చిక్యూ రెండో యాత్ర చేసింది. ఈ బేసిన్‌లోని మీథేన్ ఎక్కువగా సూక్ష్మజీవులు పుట్టించినదేనని ఐసోటోపులు చెప్పాయి. అంటే పుట్టించేవారూ తినేవారూ ఇక్కడ ఒకే ఒండ్రులో ఉన్నారు.

కొలతలో ఒక కష్టం ఉంది. వెయ్యి మీటర్ల లోతున పీడనం దాదాపు వంద వాతావరణాలు. కోర్‌ను పైకి లాగుతుంటే ఆ పీడనం పోయి, నీటిలో కరిగిన మీథేన్ బుడగలై ఎగిరిపోతుంది. డెక్ మీద కొలిచే అంకె నిజమైన గాఢతకంటే చాలా తక్కువ. అందుకే మోడళ్లను సల్ఫేట్ గీతకు కుదురుస్తారు, మీథేన్ గీతను దాదాపు వదిలేస్తారు. ఒక చర్యలో పాల్గొనే ఇద్దరిలో ఒకరి సాక్ష్యంతోనే తీర్పు చెప్పడం ఇది. పీడనాన్ని పట్టి ఉంచే ప్రత్యేక కోర్‌లు ఉన్నాయి, ఈ యాత్రల్లో వాడారు కూడా. కానీ ఖర్చు, శ్రమ వల్ల అవి కొన్నే. అవి కూడా హైడ్రేట్ దొరికే లోతుల కోసమే తీశారు గాని, పైనున్న ఈ కొద్ది మీటర్ల కోసం కాదు. నన్నడిగితే మరో యాత్రలో మొదట సరిదిద్దాల్సింది ఇదే.

సాలమన్ బృందం 2014లో ఈ బేసిన్ రంధ్రజలాల మీద ప్రచురించిన పని మరో పద్దును తెరిచింది. మీథేన్ పుట్టేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా పుట్టి నీటిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఒండ్రులోని సిలికేట్ ఖనిజాలను కరిగిస్తుంది. కరిగినవి ఆమ్లాన్ని చల్లార్చి, కార్బన్‌ను కార్బొనేట్‌గా స్థిరపరుస్తాయి. ఇక్కడ ఇది ఇంత బలంగా జరగడంలో వింత లేదు. గోదావరి నాసిక్ దగ్గర పుట్టి దక్కన్ బసాల్టు రాళ్ల మీదుగా, మన పత్తి చేల నల్లరేగడి మీదుగా వస్తుంది. త్వరగా శిథిలమయ్యే ఖనిజాలు ఆ ఒండ్రులో పుష్కలం. కరిగిన కార్బన్‌ను చూసి మీథేన్ ఖర్చును లెక్కకట్టే మోడల్ ఈ పద్దును వదిలేస్తే కృష్ణా–గోదావరిలో తప్పుడు జవాబు ఇస్తుంది. యూరప్ తీరాల కోసం రాసిన ప్రోగ్రామ్‌ను తెచ్చి మన అంకెలు మార్చి నడిపితే చాలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు మీథేన్ ఖర్చయ్యే చర్యలో సల్ఫేట్ స్థానం తీసుకోగలవని 2009లో బీల్, హౌస్, ఆర్ఫన్ చూపించారు. ఇనుము సమృద్ధిగా ఉన్న మన ఒండ్రులో అది ఎంతన్నది మోడళ్లలో ఇంకా సరైన పద్దుగా చేరలేదు.

ఆపైన పగుళ్లు. పదో స్థలంలోని హైడ్రేట్ సమానంగా పరుచుకుని లేదు, చీలికల్లో నిండి ఉంది. నిలువుగా ఒకే గీత మీద నడిచే మోడల్‌కు చీలిక అనేదే తెలియదు. చీలిక వెంట బుడగలుగా వెళ్లే వాయువు సూక్ష్మజీవుల పొరను తాకకుండానే దాటిపోతుంది. నీటిలో కరిగినదాన్నే జీవి తినగలదు, బుడగను తినలేదు. ఈ బేసిన్‌లో అలాంటి దారులు ఊహ కాదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన అనింద మజుందార్ బృందం 2009లో ఇక్కడి కోర్‌లలో ప్రాచీన మీథేన్ చెలమల గుర్తులను, వాటి దగ్గర మాత్రమే బతికే ఆల్చిప్పలను, కార్బొనేట్ గడ్డలను చూపించింది. 2018లో సింధు సాధన నౌక మీద వెళ్లిన పరిశోధకులు ఇప్పుడు కూడా ఊరుతున్న చెలమను కనుగొన్నారు. అంటే ఈ బేసిన్‌లో ప్రశాంతమైన బురద, తోసుకొచ్చే బురద, చీలికలు, పాత చెలమల ఆనవాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క స్థిరాంకంతో ఈ నాలుగింటినీ నడపడం కుదరదు.

కాలం

మోడళ్లలో ఎక్కువ భాగం స్థిరస్థితిని ముందే ఒప్పుకుంటాయి. అంటే గీత ఇవాళ ఎలా ఉందో నిన్నా అలాగే ఉంది, రేపూ ఉంటుంది అని. విసరణకు ఒక దూరం దాటడానికి పట్టే కాలం ఆ దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైన వాడిన గుణకంతోనే లెక్కేస్తే ఒక మీటరుకు దాదాపు ముప్ఫై ఏళ్లు, పది మీటర్లకు మూడు వేల ఏళ్లు, ఇరవై మీటర్లకు పన్నెండు వేల ఏళ్లకు పైనే. గత హిమయుగం తీవ్రదశలో సముద్ర మట్టం ఇవాళ్టికంటే సుమారు 120 మీటర్లు తక్కువగా ఉండేది. నదులు తమ ఒండ్రును అప్పుడు అర అంచున, వాలు మీదికే పోసేవి. మట్టం పెరిగి స్థిరపడింది ఈమధ్య ఆరేడు వేల ఏళ్లలోనే. కాబట్టి ఇరవై మీటర్ల లోతున సల్ఫేట్ అయిపోయే చోట గీత ఇంకా ఆ పాత రోజుల ప్రభావంలోనే ఉండవచ్చు. వాలు మీద బురద జారి పేరుకోవడం ఈ బేసిన్‌లో మామూలే. దక్షిణ అట్లాంటిక్‌లో అర్జెంటీనా తీరాన ఇలా జారిన బురద సల్ఫేట్ గీతలో మెలిక పెట్టిందని హెన్సెన్ బృందం 2003లో చూపించింది. ఆ మెలికను స్థిరస్థితి మోడల్‌తో చదివితే లేని చర్యను ఉన్నట్టు చూపిస్తుంది.

ఇలాంటి లెక్కకు పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. ఒకే కొలతలో నడిచే మోడల్‌ను ఆర్ భాషలోని రియాక్‌ట్రాన్ ప్యాకేజీతోనో, ఫ్రీక్‌సీ ప్రోగ్రామ్‌తోనో ఉస్మానియా ఎమ్మెస్సీ విద్యార్థి తన సొంత లాప్‌టాప్ మీద రాత్రికి రాత్రి నడపగలరు. ప్రపంచ పటాల మీద మీథేన్ చర్యను యంత్రాభ్యాసంతో ఊహించే పని ఈమధ్య పెరుగుతోంది. అంతరాలు పూడ్చడానికి అది ఉపయోగమే. కానీ కొలతలు దట్టంగా ఉన్న ఉత్తర అట్లాంటిక్ నుంచి నేర్చుకున్న యంత్రం బంగాళాఖాతం గురించి ఏం చెబుతుందో జాగ్రత్తగా చూడాలి. ఇక్కడ లోటు గణన శక్తిది కాదు, బతికున్న బురద మీద చేసిన కొలతలది. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన మీథేన్‌ను కోర్‌లోకి ఎక్కించి, ఎంత వేగంగా ఖర్చవుతుందో నేరుగా చూడడం, అదే కోర్‌లో జీవుల సంఖ్యను జన్యు పద్ధతిలో లెక్కపెట్టడం, పీడనం పోకుండా మీథేన్ కొలవడం. ఈ మూడూ ఒకే కోర్ మీద ఉంటేనే వేగపు స్థిరాంకాన్నీ జీవుల సంఖ్యనూ విడదీయగలం.

దీనికి కావలసిన విద్యల్లో చాలావరకు ఒక్క ఉప్పల్ రోడ్డు చుట్టుపక్కలే ఉన్నాయి. హైడ్రేట్ భౌతిక శాస్త్రం, భూకంప తరంగాల చదువు ఎన్‌జీఆర్‌ఐలో. నేలలోని వాయుభక్షక బాక్టీరియాను లెక్కపెట్టి చమురు జాడ పట్టే పనిలో కూడా ఆ సంస్థకు అనుభవం ఉంది. జన్యువుల చదువు సీసీఎంబీలో. మీథేన్ పుట్టించే ఆర్కియాను పోషించడం ఐఐసీటీలో. భూభౌతిక శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం ఉస్మానియాలో. సముద్రపు మోడళ్లు నడిపే ఇన్‌కాయిస్ ఈ నగరంలోనే, ప్రగతినగర్ వైపు. వీరంతా కలిసి అడగదగ్గ మొదటి ప్రశ్న తీరపు అరలో, పై మీటరు బురదలో ఉందని నా నమ్మకం. కృష్ణ మీద నాగార్జునసాగర్, శ్రీశైలం, గోదావరి మీద శ్రీరాంసాగర్ వచ్చాక సముద్రం చేరే ఒండ్రు బాగా తగ్గింది. 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి మోసుకొచ్చేది సగానికంటే తక్కువైందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు, డెల్టా అంచు కోతపడడానికి అదే కారణమన్నారు. ఒండ్రు తగ్గితే కుళ్లే పదార్థం తగ్గుతుంది, సల్ఫేట్ మరింత లోతుకు దిగాలి, మీథేన్ హద్దు కిందికి జరగాలి. ఒక మీటరుకు ముప్ఫై ఏళ్లన్న లెక్క ప్రకారం ఆ మార్పు పై పొరల్లో ఈపాటికే నమోదై ఉండాలి. పది మీటర్ల దిగువన మాత్రం ఇంకా ఆనకట్టలకు ముందునాటి నదే ఉంటుంది. ఒకే చోట, ఒకే కోర్‌లో పై గీత ఒక నదినీ కింది గీత మరో నదినీ చూపించాలి. కాలంతో నడిచే మోడల్ ఆ విరుపు ఏ లోతున వస్తుందో ముందే చెప్పగలదు. కాకినాడ, మచిలీపట్నాల ముందు అరలో నాలుగైదు కోర్‌లు తీస్తే అది ఉందో లేదో తేలిపోతుంది.